తాతకు చూపెప్పుడు వచ్చినది?

గత సంవత్సరము మా పాఠశాల విద్యార్థులు వారమునకొక భాగము చొప్పున నొక శ్రవ్యనాటకమును వ్రాసి, ప్రతి శుక్రవారము లౌడుస్పీకరులో వినిపించుచు వచ్చిరి. మొదటి భాగమున తాతకు చూపు లేదు. ఆరవ భాగమున ఆ తాతయే యరుగుమీద కూర్చుండి వార్తాపత్రిక చదివి మనుమనికి వినిపించెను. వ్రాతప్రతిని దిద్దినవాడను నేనే. నా కంటికది తగులలేదు. నాటకము ముగిసిన పిమ్మట పుట్టుగ్రుడ్డియైన యొక బాలుడు నాయొద్దకు వచ్చి, "మాస్టరుగారూ, తాతకు చూపెప్పుడు వచ్చినదండీ? ఆ భాగము నేను వినలేదు కాబోలు" అని యడిగెను. తప్పు మాదని వాడు తలపనే లేదు. తానేదియో పోగొట్టుకొంటినని తలచెను. అప్పటినుండి యిట్టి పొరపాట్లను చిన్నవని త్రోసివేయుటకు నాకు మనసొప్పకున్నది.

దీర్ఘకాలము సాగెడి నాటకములలో పూర్వాపర విరోధములు తప్పవని పెక్కురు చెప్పుదురు. అది కొంతవరకు నిజమే. ఇంగ్లండులో బి.బి.సి. వారు ప్రసారము చేయు ‘ది ఆర్చర్స్’ అను నాటకమును చూడుడు. 1950వ సంవత్సరము పెంతెకొస్తు వారమున కొన్ని భాగములు మధ్య ఇంగ్లండు ప్రాంతమువారికి వినిపింపబడెను. 1951 జనవరి 1 నుండి దేశమంతటికిని వినిపించుచున్నారు. యుద్ధానంతరపు ఆహారపు కొరత దినములలో రైతులకు మేలైన సేద్యపు పద్ధతులు తెలుపుటయు దాని యుద్దేశములలో నొకటి. ఆంబ్రిడ్జ్ అను కల్పిత గ్రామము దాని రంగస్థలము. 2006 నవంబరు 7న పదునైదువేలవ భాగము ప్రసారమయ్యెను. ఇంతటి కథను ఏ యొక్క రచయితయు తలలో నిలుపుకొనజాలడు. మొదటి రచయితలు ఏనాడో గతించిరి. కావుననే పాత్రల పుట్టినదినములు, చుట్టరికములు, పొలముల వివరములు కార్డులపై వ్రాసి భద్రపరచు నలవాటు అచట నేర్పడినది.

ఇందొక వింత కలదు. ఆ నాటకములో కుటుంబ పెద్దయగు డాన్ ఆర్చర్ పాత్రను 1986లో ఆ పాత్ర మరణించువరకు నలుగురు నటులు ఒకరి వెంట నొకరు ధరించిరి. చెవి యొక్కటే ఆధారమైన చోట గొంతు మారుటకంటె పెద్ద విరోధమేమి యుండును? అయినను శ్రోతలు నాలుగు గొంతులను ఒకే మనుష్యునిగా స్వీకరించిరి. ఏలయన, గొంతు మారినను ఆతని భార్య ఆతని భార్యయే, ఆతని పొలము ఆతని పొలమే. మనుష్యుడనగా ఆతనికి జరిగిన సంగతుల మొత్తమని శ్రోతలకు తెలియును. కాబట్టి గొంతు మార్పును మన్నింతురు గాని, జరిగినదానిని జరుగలేదనుటను మన్నింపరు.

శ్రోతల చెవి ఎంత సూక్ష్మమో చెప్పెదను. 2011 జనవరి 2న ప్రసారమైన భాగములో నైజెల్ పార్గెటర్ అను పాత్ర తన భవనపు కప్పుమీదినుండి జారిపడి మరణించెను. ఆ కేక ఎంతసేపు వినబడెనో లెక్కించి, ఆ యింటి యెత్తెంత యుండవలెనో గుణించిన శ్రోతలు కలరు! మా తొమ్మిదవ తరగతివారును దీనిని చేయగలరు: కేక మూడు సెకనులున్నచో, గాలి యవరోధమును విడిచి చూడగా, పడిన దూరము 144 అడుగులు. అది భవనము కాదు, గోపురము. దీనికి నవ్వుకొనవచ్చును, ఇట్టి తప్పు ఎవరికిని నష్టము చేయదు.

అచ్చుపుస్తకములలోను మరపు కలదు. 1887లో డాక్టరు వాట్సన్ భుజమునకు తగిలిన తుపాకిగుండు 1890 నాటి కథలో కాలికి మారినది. కాని చదువరి పుట వెనుకకు త్రిప్పి, తప్పు తనది కాదని నిశ్చయించుకొనగలడు. లౌడుస్పీకరు క్రింద కూర్చున్న బాలుడు దేనిని వెనుకకు త్రిప్పును? నేడు సెల్‌ఫోనులలో మరల మరల వినదగిన నాటకములు వచ్చినవి, నిజమే. ఆ వసతి యందరికిని లేదు. మిగిలినవారు తమ జ్ఞాపకమునే నమ్ముకొని విందురు. మన యశ్రద్ధవలన వారు తమ జ్ఞాపకమునే శంకించుకొందురు. నాకు బాధ కలిగించున దిదియే.

మా రచయితలు తప్పును కప్పిపుచ్చుటకు రెండు యుక్తులు పన్నిరి. తాతకు పట్టణములో కంటి ఆపరేషను జరిగెనని యొకడు. మనుమడు ముందుగా చదివి వినిపింపగా తాత కంఠస్థము చేసెనని మరియొకడు. రెండవది చమత్కారముగ నున్నదని యొప్పుకొనక తప్పదు. అయినను నేను రెంటికిని సమ్మతింపలేదు. ఏడవ భాగమునకు ముందు, పొరపాటు మాదేయని, తాతకు నేటికిని చూపు లేదని చెప్పించితిని.

ఈ సంవత్సరము ప్రతి భాగమును ప్రసారమునకు ముందు ఆ బాలునికి చదివి వినిపించుచున్నాము. పోయిన నెలలో కుక్క పేరు మారినదని వాడు మమ్ము రెండుమారులు నిలిపెను.