సీసాలో మొలిచే ఆర్కిడ్



ఇఫ్తార్ కోసం చైనా గ్రాస్ కాచి, పాలలో కలిపి చల్లార్చడం మన గృహిణులకు కొత్త కాదు. ఆ చైనా గ్రాస్, చక్కెర, ప్రెషర్ కుక్కరు సాయంతోనే ఆర్కిడ్ విత్తనాలను ఇంట్లో మొలిపించవచ్చు. మేము మూడేళ్లుగా ఈ పని చేస్తున్నాము.

ఆర్కిడ్ విత్తనాలు ధూళివలె ఉంటాయి. ఒక్కొక్క కాయలో లక్షల గింజలున్నా, వాటిలో నిలువ ఆహారం దాదాపు శూన్యం. అడవిలో ఒక శిలీంధ్రం గింజలో చేరి పోషిస్తేనే అది మొలకెత్తుతుంది. ఈ సంగతిని 1899లో ఫ్రెంచి శాస్త్రవేత్త నోయెల్ బెర్నార్ కనుగొన్నాడు. చక్కెర, లవణాలు అందిస్తే శిలీంధ్రం లేకున్నా మొలక వస్తుందని 1922లో అమెరికాకు చెందిన లూయిస్ నడ్సన్ నిరూపించాడు.

లీటరు నీటికి 20 గ్రాముల చక్కెర, 8 గ్రాముల చైనా గ్రాస్ పొడి, దుకాణంలో దొరికే ఆర్కిడ్ లవణాల మిశ్రమం తగినంత కలిపి కాచాలి. వెడల్పు మూతి గాజు సీసాలలో వేలెడు మందాన పోసి, మూతలు వదులుగా పెట్టి, కుక్కరులో ఆవిరి పట్టిన తరువాత 20 నిమిషాలు ఉంచాలి. ఫెలనాప్సిస్ కాయను సుమారు నాలుగు నెలలకు, పగలకముందే కోయాలి. దానిని సబ్బుతో కడిగి, ఒక పాలు బ్లీచికి తొమ్మిది పాళ్ల నీరు కలిపిన ద్రవంలో 20 నిమిషాలు ముంచాలి. పగలని కాయ లోపల సూక్ష్మజీవులుండవు గనుక గింజలను వేరుగా శుద్ధి చేయనక్కరలేదు.

మొదటిసారి మేము పన్నెండు సీసాలు సిద్ధం చేయగా వారంలో తొమ్మిదింటికి బూజు పట్టింది. కారణం తోచక కూర్చుంటే మా ఇంటివారు, "ఆవకాయ జాడీలో తడి గరిటె పడితేనే బూజు వస్తుందే, ఫ్యాను కింద ఇవి తెరిస్తే రాదా?" అన్నారు. నిజమే, ఉక్కపోతకు ఓర్వలేక ఫ్యాను ఆపలేదు. తరువాత పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టెకు చేతులు పట్టే రెండు రంధ్రాలు చేసి, గాలి కదలని గదిలో, అందులోనే పని చేశాము. పెట్టెలో స్పిరిట్ చల్లినప్పుడు మాత్రం దీపం వెలిగించరాదు. ఆ ఆవిరి అంటుకుంటుంది.

రెండవ పొరపాటు ఆశవలన జరిగింది. పచ్చని మొలకలున్న సీసాలో ఒక మూల తెల్లని బూజు కనిపించింది. దానిని తీసివేద్దామని మూత తెరిచాము. పక్క సీసాలకూ పాకింది. బూజు పట్టిన సీసాను తెరవక, కుక్కరులో ఉడికించి పారవేయడమే మార్గం.

మొలకలు కుండీకి రావడానికి ఏడాది, పూయడానికి మరి రెండు మూడేళ్లు పడుతుంది. మావి ఇంకా పూయలేదు.

అమ్మదలచిన సోదరీమణులకు ఒక మాట. విత్తనపు మొక్క తల్లికి నకలు కాదు; పువ్వు రంగు మారవచ్చు. తల్లివంటి మొక్కే కావాలంటే పూకాడ కణుపులోని మొగ్గను సీసాలో పెంచాలి. మీది ఏ రకమో కొనేవారికి ముందే చెప్పండి. సరుకు గుణం దాచి అమ్మిన రాబడిలో బర్కత్ ఉండదు.