బంక చుక్కలకూ వేళలుంటాయా?

పిల్లలూ! మీది జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు ఊరైతే పత్తి చేను మీకు కొత్త కాదు. మొక్క కింది ఆకులను ఎప్పుడైనా పరీక్షగా చూశారా? తేనె పూసినట్టు మెరుస్తూ, జిగురుగా ఉంటాయి. కొన్నాళ్లకు వాటి మీద మసిలాంటి నల్లని బూజు పడుతుంది. ఆ జిగురు మొక్క కార్చింది కాదు. పై ఆకుల అడుగున గుంపులుగా చేరిన పేనుబంక, తెల్లదోమ విసర్జించిన తీపి ద్రవం. పేనుబంక అన్న పేరులోనే 'బంక' ఉంది చూడండి!

ఈ పురుగులు తాగే రసంలో చక్కెర ఎక్కువ, ఎదుగుదలకు కావలసిన అమైనో ఆమ్లాలు తక్కువ. వాటి కోసం పురుగు చాలా రసం తాగుతుంది. అక్కరలేని చక్కెరను నీటితోపాటు చుక్కలుగా వదిలేస్తుంది. అంటే, చుక్కలు లెక్కపెడితే పురుగుల తిండి లెక్క తెలుస్తుందన్నమాట! వరిలో సుడిదోమను పరిశోధించే శాస్త్రజ్ఞులు చేసేదీ ఇదే. మొక్క మొదట్లో వడపోత కాగితం పరిచి, దానిమీది మచ్చలను కొలిచి, ఏ వరి రకం దోమను తట్టుకుంటుందో తేలుస్తారు.

వేడి, మొక్క స్థితి, పురుగు వయసు మారితే చుక్కల వేగమూ మారుతుంది. మరి మీ చేలో ఏ వేళ ఎక్కువ పడతాయి? మీరే కనుక్కోండి. మందు కొట్టని మొక్కను చూసుకుని, పెద్దవాళ్లను వెంటబెట్టుకు వెళ్లండి. పురుగులున్న ఆకు కింద ఒక ప్లాస్టిక్ కాగితం, పురుగులు లేని ఆకు కింద మరొకటి ఉంచండి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి సరిగ్గా ఒక్కో గంటసేపే ఉంచి చుక్కలు లెక్కపెట్టండి. మంచు చుక్క ఆరిపోతే ఏమీ మిగలదు, బంక చుక్క ఆరినా జిగురు మచ్చ మిగులుతుంది. వారం రోజులు ఈ లెక్క రాయండి.

"పురుగు పడ్డాక లెక్కలేమిటి, మందు కొట్టక!" అని మీ నాన్న అనవచ్చు. ఆయన భయంలో నిజముంది. బంక అంటిన దూది నూలు మిల్లులో యంత్రాలకు అతుక్కుంటుంది. అయినా ఆకు తిప్పి చూడకుండా మందు కొట్టడం తప్పని నా అభిప్రాయం. పేనుబంకను తినే అక్షింతల పురుగులు కూడా ఆ మందుకు చస్తాయి. అవి పోయాక పేనుబంక మళ్లీ విజృంభించవచ్చు.

1997-98లో అప్పటి వరంగల్ జిల్లా పత్తిని లద్దెపురుగు తినేసింది. మందు మీద మందు కొట్టినా లొంగలేదు. అప్పుల పాలై ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అదే నేల మీద, నేటి జనగామ జిల్లాలోని ఏనెబావి రైతులు రసాయన మందులు మానేసి, 2006 నాటికి ఊరంతా సేంద్రియ సేద్యానికి మారారు.

మీ లెక్కలో చుక్కలు రోజురోజుకూ తగ్గుతూ, ఆకుల మీద అక్షింతల పురుగులు కనిపిస్తే ఆ పుస్తకం నాన్నకు చూపించండి. పెరుగుతూంటే వ్యవసాయాధికారికి చూపించండి. మందు డబ్బా మూత తీసేముందు ఆకు తిప్పి చూడటం మీ ఇంట్లో మీతోనే మొదలు కావాలి. ఏమంటారు?