ఇంటర్‌లో 8 మార్కుల ప్రశ్న ఎందుకు? బిట్లు సరిపోవా?

తెలంగాణ ఎప్‌సెట్ ఇంజినీరింగ్‌లో 3 గంటల్లో 160 బిట్లు. సమాధానం కళ్లముందే ఉంటుంది, నాలుగింట్లో ఒకటి ఎంచుకుంటే చాలు. ఇంటర్ సెకండియర్ ఫిజిక్స్‌లో అలా కాదు. 60 మార్కుల పేపర్‌లో 8 మార్కుల ప్రశ్నలు రెండు రాయాల్సిందే. ర్యాంకు బిట్లతోనే వస్తుంటే ఈ పేజీల రాత ఎందుకన్నది చాలామంది పేరెంట్స్ మాట.

కానీ బిట్ తప్పయితే పిల్లలు ఎక్కడ తడబడ్డారో లెక్చరర్‌కు తెలియదు. అదే న్యూక్లియర్ రియాక్టర్ గురించి రాయమంటే ఇట్టే దొరికిపోతుంది. బొమ్మ బాగానే వేస్తారు. న్యూట్రాన్ల వేగం తగ్గించే మోడరేటర్‌కు, వాటిని పీల్చుకునే కంట్రోల్ రాడ్స్‌కు తేడా మాత్రం రాయలేరు. స్లిప్ టెస్ట్‌లోనే ఇది బయటపడితే మర్నాడు క్లాసులో సరిచేయొచ్చు.

అసలు చిక్కు ప్రశ్న అడిగే తీరులో ఉంది. తిప్పితిప్పి అవే ప్రశ్నలు ఇస్తే గెస్ పేపర్ బట్టీ కొట్టినోళ్లకూ 8కి 8 పడతాయి. మోడరేటర్ తీసేస్తే రియాక్టర్‌లో ఏం జరుగుతుందని అడిగితే బట్టీ పనిచేయదు. అలాంటివి దిద్దడానికి లెక్చరర్లకు టైమ్ ఎక్కువే పడుతుంది, వందల పేపర్లుంటే ఇంకా కష్టం.

రాసే అలవాటు తప్పిన పిల్లలే రేపు గ్రూప్-1 మెయిన్స్‌కు కూర్చుంటారు. అక్కడ పేపర్-1 జనరల్ ఎస్సే, 150 మార్కులు.