ఈ-పుస్తకపు వెలను నిర్ణయింపవలసిన వారెవరు?

పుస్తకమునకు వ్రాయువాడు, ప్రకటించువాడు, అమ్మువాడు, చదువువాడు అని నలుగురు సంబంధులు గలరు. వీరిలో వెలను నిర్ణయించు అధికార మెవరిది? కాగితము లేక తెరపై చదువబడు ఈ-పుస్తకము వచ్చిన పిమ్మట ఈ ప్రశ్న అమెరికా దేశమున న్యాయస్థానమువరకు పోయినది.

2007 వ సంవత్సరము నవంబరులో అమెజాన్ సంస్థ కిండిల్ అను పఠనయంత్రమును విడుదల చేసెను. అప్పటి పద్ధతి ప్రకారము ప్రకాశకులు తాము వేసిన వెలలో సుమారు సగమునకు పుస్తకమును విక్రేత కిచ్చుచుండిరి. అతడు తనకు తోచిన వెలకు అమ్ముకొనవచ్చును. అమెజాన్ వారు అనేక నూతన గ్రంథములను నష్టమునకైన నోర్చి 9.99 డాలర్లకే అమ్మిరి. ఈ చౌకవెలకు పాఠకు లలవాటుపడినచో తమ వ్యాపారము చెడునని ప్రకాశకులు భయపడిరి.

2010 లో ఆపిల్ సంస్థ వేరొక పద్ధతిని తెచ్చెను. దాని ప్రకారము వెలను ప్రకాశకుడే నిర్ణయించును. అమ్మకములో నూటికి 30 వంతులు విక్రేతకు, 70 వంతులు ప్రకాశకునకు. అంతట అనేక గ్రంథముల వెల 12.99 డాలర్లకును, 14.99 డాలర్లకును పెరిగెను.

మన విద్యార్థు లొక లెక్క వేసి చూతురు గాక. 26 డాలర్ల వెలగల పుస్తకమునకు మొదటి పద్ధతిలో ప్రకాశకునకు 13 డాలర్లు ముట్టును. రెండవ పద్ధతిలో దానిని 12.99 డాలర్లకు అమ్మినచో ముట్టునది 9.09 డాలర్లు మాత్రమే. రాబడి తగ్గినను వెలపై అధికారము దక్కిన చాలునని ప్రకాశకులు తలచిరి. పెద్ద ప్రకాశకులు రచయిత కొసగునది సాధారణముగా తమ రాబడిలో నాలుగవ వంతు గనుక అతని పాలును తగ్గెను. పాఠకుడో, హెచ్చు వెల చెల్లించెను.

2012 ఏప్రిలులో అమెరికా ప్రభుత్వము ఆపిల్ పైనను, అయిదు ప్రకాశక సంస్థలపైనను అభియోగము తెచ్చెను. ప్రకాశకులు రాజీపడిరి. 2013 జూలైలో న్యాయస్థానము ఆపిల్ సంస్థ కుట్రలో పాల్గొన్నదని తీర్పు చెప్పెను. తప్పు పద్ధతిలో లేదు. పోటీపడవలసినవారు కూడబలుకుకొని వెల పెంచుటలో నున్నది. 2014 లో కొందరు ప్రకాశకులు వేర్వేరుగా బేరమాడి వెలను నిర్ణయించు హక్కును మరల సంపాదించిరి.

ఈ తీర్పు న్యాయమైనదనియే మా యభిప్రాయము. గ్రంథమునకై వ్యయము భరించిన ప్రకాశకుడు తన వెలను తాను చెప్పుకొనుట ధర్మమే. ఇతరులతో చేరి పాఠకునకు వేరు దారి లేకుండ చేయుట ధర్మము గాదు. అట్లని నష్టమునకు అమ్మువాని చౌకవెలను దానమని భ్రమింపరాదు. పోటీదారు లందరును తొలగిన నాడు అదే చేయి వెలను పెంచగలదు.

విద్యార్థులారా, పుస్తకము కొనునపుడు వెల యెంత యని మాత్రమే గాక, అందులో వ్రాసినవాని కెంత ముట్టుచున్నదని కూడ అడుగుడు. వ్రాయువాడు జీవింపలేనిచో రేపు చౌకగా కొనుటకైనను పుస్తక ముండదు.