లూసర్న్‌కు హైబ్రిడ్ ఎందుకు దొరకదు?

హోసూరు, కృష్ణగిరి, కోలారు వైపు పాడి పెట్టుకున్న మన రైతులకు సీవో-4 గడ్డి గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం 2008లో విడుదల చేసిన సజ్జ-నేపియర్ హైబ్రిడ్ అది. ఒకసారి కణుపులు నాటితే ఏళ్ల తరబడి కోసుకోవడమే. మరి తమిళంలో కుదిరై మసాల్, కన్నడంలో కుదురె మసాలె, మనం లూసర్న్ అనే గడ్డికి అలాంటి హైబ్రిడ్ ఏదీ? మాంసకృత్తులు నేపియర్‌లో కన్నా దాదాపు రెట్టింపు ఉండే మేత ఇది. దాణా ఖర్చు తగ్గాలంటే దిగుబడి పెరగాల్సింది దీంట్లోనే.

చిక్కంతా పువ్వులో ఉంది. నేపియర్ హైబ్రిడ్‌కు గింజ కట్టదు, అదే దానికి కలిసొచ్చింది. కణుపు నాటితే తల్లి గుణం మొత్తం దిగుతుంది. లూసర్న్‌ను గింజతోనే వేయాలి. పువ్వు చిన్నది, ఆడా మగా అందులోనే. మొక్కజొన్నకు తీసేసినట్టు మగపూత తీసేయడం కుదరదు. పుప్పొడి కట్టని తల్లి మొక్కలను వెతికి పెట్టుకోవాలి. తీరా దొరికినా, పుప్పొడి కోసం తిరిగే తేనెటీగ ఒట్టి పువ్వు మీద ఎందుకు వాలుతుంది? వాలకపోతే గింజ పట్టదు, విత్తనం రేటు మండుతుంది. దీని క్రోమోజోములూ రెండేసి కాదు, నాలుగేసి. సొంత పుప్పొడితో వరసగా పెంచితే కొద్ది తరాలకే మొక్క గిడసబారిపోతుంది.

ఇన్ని చిక్కులున్నా అమెరికాలోని విస్కాన్సిన్‌లో డెయిరీలాండ్ అనే విత్తన సంస్థ 2000 తర్వాతి తొలి ఏళ్లలో ఆ పద్ధతిలోనే హైబ్రిడ్‌ను అమ్మకానికి తెచ్చింది. అల్ఫాల్ఫా అంటారు అక్కడ. ఆ సంచిలోనూ ప్రతి గింజా హైబ్రిడ్ కాదు. మొక్కజొన్నలో హైబ్రిడ్లు చేసినట్టు ఇది పాత రకాలను తుడిచిపెట్టనూ లేదు. ఒకసారి వేస్తే మూడు నాలుగేళ్లు నిలిచే పైరు కదా, ఏటా విత్తనం కొనేవాళ్లు ఉండరు. కంపెనీలకు ఆసక్తి తగ్గడానికి ఇదీ ఓ కారణమే అనుకోవాలి.

మన రైతులు వినే సీవో-1, ఆనంద్-2, ఆర్ఎల్-88 ఏవీ హైబ్రిడ్లు కావు. మంచి మొక్కలను ఏరి స్థిరపరిచిన రకాలు. అంతమాత్రాన తక్కువవి కావు. ‘హైబ్రిడ్ లూసర్న్’ అని ఎవరైనా ఎక్కువ రేటు చెబితే మాత్రం రకం పేరేంటో, విడుదల చేసిందెవరో అడగండి. విత్తనంలో బంగారు తీగ గింజ కలిసి ఉందేమో కూడా చూసుకోవాలి. అది మొలిచిందంటే మడినంతా అల్లుకుపోతుంది, అప్పుడు సీవో-1 అయినా ఒకటే, హైబ్రిడ్ అయినా ఒకటే.