అడగందే అమ్మయినా పెట్టదు.. బడి పెడుతుందా?

పిల్లాడు చదువులో వెనకబడ్డాడంటే మన ఇళ్లలో వినిపించే మాటలు మూడే. ‘బద్ధకం’, ‘ఫోన్ పిచ్చి’, ‘వీడికి చదువు అబ్బదు’. ‘అసలు ఎక్కడ తేడా ఉందో పరీక్ష చేయిద్దాం’ అనే నాలుగో మాట మాత్రం ఎవరి నోటా రాదు. రెండు రోజులు జ్వరం తగ్గకపోతే రక్తపరీక్షకు పరిగెత్తే మనం, మూడో తరగతికి వచ్చినా నాలుగు లైన్లు చదవలేని పిల్లల విషయంలో తిట్లతోనూ ట్యూషన్లతోనూ సరిపెడుతున్నాం.

డాలస్ చుట్టుపక్కల కట్టడం పనుల్లో ఉన్నవాళ్లం మేం. డిప్లొమాలు చదివి, కొందరం దుబాయ్, మస్కట్‌ల మీదుగా ఇక్కడికి చేరినవాళ్లం. పెద్ద చదువుల కబుర్లు చెప్పాలని ఇది రాయడం లేదు. ఈ దేశంలో పిల్లల కోసం ఉన్న ఒక హక్కు సంగతి, షిఫ్టుల్లో పనిచేసే మనవాళ్లకు చాలా ఆలస్యంగా తెలుస్తోంది. ఆ ఆలస్యానికి నష్టపోతున్నది పిల్లలు.

డాలస్ నేల సంగతి ఇక్కడ ఇల్లు కొన్న ప్రతివాళ్లకూ తెలుసు. ఈ బంకమట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. గోడ పగిలిందని పుట్టీ పెట్టి రంగేస్తే ఆర్నెల్లకు మళ్లీ అక్కడే పగులుతుంది. పునాది ఎక్కడ దిగిందో, పైపు ఎక్కడ కారుతోందో చూశాకే మరమ్మతు. పిల్లల చదువూ అంతే. అక్షరానికీ శబ్దానికీ లంకె కుదరని డిస్లెక్సియా కావచ్చు. మనసు ఒకచోట నిలవని ఏడీహెచ్‌డీ కావచ్చు. వినికిడి లోపం కావచ్చు. పైకి మాత్రం అన్నీ ‘చదవడం లేదు’ అన్నట్టే కనిపిస్తాయి. దేని మందు దానిదే.

ఆ తేడా తేల్చేదే సైకో ఎడ్యుకేషనల్ పరీక్ష. ఇందులో పాస్, ఫెయిల్ ఉండవు. జ్ఞాపకం, ఆలోచనలో వేగం, చదవడం, రాయడం, లెక్కలు, మాట.. అవసరాన్ని బట్టి విడివిడిగా చూస్తారు. క్లాసులో పిల్లాణ్ణి గమనిస్తారు. టీచర్‌నీ, తల్లిదండ్రులనూ అడుగుతారు. ఒక్క మార్కు చూసి తీర్పు చెప్పడానికి చట్టం ఒప్పుకోదు.

ఆ చట్టం 1975లో వచ్చింది. 1990 నుంచి దాన్ని ‘ఐడియా’ అంటున్నారు. దాని ప్రకారం పబ్లిక్ స్కూల్ ఈ పరీక్షను పైసా తీసుకోకుండా చేయాలి. బయట చేయిస్తే వేల డాలర్లవుతుంది. తల్లిదండ్రులు ఒప్పుకుంటూ సంతకం పెట్టిన నాటి నుంచి 60 రోజుల్లో పూర్తి చేయాలన్నది కేంద్ర నిబంధన. రాష్ట్రాలు తమ గడువు పెట్టుకోవచ్చు. టెక్సాస్‌లో మామూలుగా 45 బడి రోజులు. రాతపూర్వకంగా అడిగితే ఇక్కడి స్కూళ్లు 15 బడి రోజుల్లో జవాబివ్వాలి. కుదరదంటే ఎందుకు కుదరదో కాగితం మీదే చెప్పాలి. ఇక్కడ కీలకం ‘రాతపూర్వకం’ అన్న మాట. గేటు దగ్గర టీచరుతో అన్న మాటకు తేదీ ఉండదు. సైటు మీద నోటిమాట మీద పని మొదలుపెడితే బిల్లు దగ్గర ఏమవుతుందో మనకు తెలియంది కాదు.

‘అవసరమైతే స్కూలే చెబుతుంది కదా’ అంటారు కొందరు. సాయం కావాల్సిన పిల్లలను స్కూలే వెతికి పట్టుకోవాలని చట్టంలో ఉన్న మాట నిజమే. కానీ టెక్సాస్‌లో ఏం జరిగిందో చూడండి. 2004లో రాష్ట్ర విద్యా సంస్థ, ప్రత్యేక విద్య పొందే పిల్లలు 8.5 శాతం దాటకూడదన్నట్టు ఒక లెక్క పెట్టింది. అప్పటికి 12 శాతం దగ్గర ఉన్న సంఖ్య ఏటా దిగుతూ వచ్చింది. 2016లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక బయటపెట్టేదాకా ఊళ్లలో తల్లిదండ్రులకు ఆ లెక్క సంగతే తెలియదు. 2017లో శాసనసభ ఆ పరిమితిని నిషేధించింది. 2018 జనవరిలో కేంద్ర విద్యాశాఖ, రాష్ట్రం చట్టాన్ని ఉల్లంఘించిందని తేల్చింది. ఈలోగా ఎంతమంది పిల్లలు ‘మొద్దు’ అనిపించుకుంటూ పెద్దవాళ్లయిపోయారో! అందుకే అడగందే అమ్మయినా పెట్టదన్న సామెత ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది.

ఇక భాష గొడవ. ఇంగ్లిష్ రాని పిల్లాణ్ణి ఇంగ్లిష్‌లో పరీక్షిస్తే తెలివి తక్కువని తేలడం ఖాయం. కాలిఫోర్నియాలో మెక్సికన్ మూలాలున్న తొమ్మిదిమంది పిల్లలకు సరిగ్గా ఇదే జరిగింది. స్పానిష్‌లో మళ్లీ పరీక్షిస్తే వాళ్లలో ఎక్కువమంది మామూలు పిల్లలేనని తేలింది. ‘డయానా’ పేరుతో నడిచిన ఆ కేసు 1970లో రాజీతో ముగిసింది. పిల్లల సొంత భాషలోనూ పరీక్షించాలన్న నియమానికి అక్కడే బాట పడింది. సాధ్యమైనంత వరకు పిల్లలకు బాగా వచ్చిన భాషలోనే పరీక్షించాలనీ, ఇంగ్లిష్ రాకపోవడాన్నే లోపంగా లెక్కగట్టకూడదనీ నేటి చట్టం చెబుతోంది.

దీనికి ఇంకో వైపూ ఉంది. మాకు తెలిసిన ఒక ఎలక్ట్రీషియన్ కొడుకు విషయంలో ‘ఇంగ్లిష్ వస్తే అన్నీ సర్దుకుంటాయి’ అని బడి రెండేళ్లు నెట్టేసింది. ఆ పిల్లాడు తెలుగులో కూడా వారాల పేర్లు వరసగా చెప్పలేకపోయేవాడు. ఇంట్లో అందరికీ తెలిసిన ఆ సంగతిని బడివాళ్లు ఎప్పుడూ అడగలేదు. ఇబ్బంది ఒక్క ఇంగ్లిష్‌లోనేనా, అమ్మభాషలోనూ ఉందా అన్నది చాలా పెద్ద ఆధారం. మాటలు ఎప్పుడొచ్చాయి, తెలుగు కథ చెబితే తిరిగి చెప్పగలడా, ఇంటి వంశంలో ఎవరికైనా చదవడం కష్టమయ్యేదా.. ఇవన్నీ మనమే పనిగట్టుకుని చెప్పాలి. ‘ముందు మా పద్ధతిలో కొన్నాళ్లు నేర్పి చూస్తాం’ అన్న సాకుతో పరీక్షను వాయిదా వేయకూడదని 2011లోనే కేంద్ర విద్యాశాఖ రాష్ట్రాలకు లేఖ రాసింది.

అన్నిటికన్నా పెద్ద అడ్డం మన భయాలే. ‘ముద్ర పడిపోతుంది’, ‘రేపు పెళ్లి సంబంధాలు రావు’, ‘వీసాకి ఇబ్బంది’. బడి రికార్డుల గోప్యతకు 1974 నుంచి చట్టం ఉంది. కొన్ని మినహాయింపులు తప్ప, తల్లిదండ్రుల అనుమతి లేకుండా బయటికివ్వకూడదు. వీసా కాగితం ఏదైనా, పిల్లలకు పబ్లిక్ స్కూల్ తలుపు మూయకూడదని 1982లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక ముద్ర అంటారా? ఏడేళ్లపాటు రోజూ ‘మొద్దు’ అని మనం వేసేదాన్ని ఏమనాలి? 2007లో ‘తారే జమీన్ పర్’ చూసి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లమే మనం. మన దేశంలోనూ 2016 చట్టం చదువుకు సంబంధించిన ఈ ఇబ్బందులను గుర్తించింది.

పరీక్షయ్యాక జరిగే సమావేశాన్ని టెక్సాస్‌లో ‘ఏఆర్‌డీ’ అంటారు. డ్యూటీ వదిలి రాలేమంటే ఫోన్‌లో పాల్గొంటామని అడగవచ్చు. తెలుగు దుబాసీని ఏర్పాటు చేయమనవచ్చు. పిల్లాణ్ణే దుబాసీగా కూర్చోబెట్టకండి. ఫలితం సరిగా లేదనిపిస్తే స్కూల్ ఖర్చుతో బయటి నిపుణుడి పరీక్ష అడిగే హక్కుంది. స్కూల్ కాదంటే విచారణ కోరి తన పరీక్ష సరైనదేనని నిరూపించుకోవాలి. 2025లో కేంద్ర విద్యాశాఖను మూసేసే ప్రయత్నాలు మొదలయ్యాయని కంగారు పడుతున్నారు కొందరు. శాఖ సంగతి ఎలా ఉన్నా చట్టాన్ని మార్చాలంటే కాంగ్రెస్ మార్చాల్సిందే.

పండక్కి హాలు బుక్ చేసి, సినిమావాళ్లను పిలిచే మన సంఘాలను ఒకటే కోరుతున్నాం. ఏడాదికో ఆదివారం ఈ ఉత్తరం రాయడం నేర్పించండి. నాలుగు వాక్యాలు చాలు. పిల్లాడి పేరు, తరగతి, ఎక్కడ ఇబ్బంది పడుతున్నాడో, ‘ప్రత్యేక విద్య కోసం పూర్తి పరీక్ష కోరుతున్నాం’ అన్న మాట. కింద తేదీ, సంతకం. ఒక కాపీ ఇంట్లో దాచుకోవాలి.

మన చెమటంతా పిల్లల కోసమే అంటాం కదా. ఆ నాలుగు వాక్యాలు కూడా వాళ్ల కోసమే రాద్దాం. ఈ వారమే రాద్దాం.