విదేశీ విహారం: రాసిపెట్టి ఉండాలా?

గత వేసవిలో మన హాస్టల్ పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఒక చర్చ జరిగింది. మన సీనియర్ ఒకరు అమ్మానాన్నలను అయిదు రోజులు మలేషియా తీసుకెళ్ళి, తిరిగి వచ్చాక ఫోటోలు పెట్టారు. "నీది అదృష్టం అన్నా, రాసిపెట్టి ఉండాలి" అన్నారు సగం మంది. "అదృష్టమేమిటి, కష్టపడితే ఎవరైనా వెళ్ళొచ్చు" అన్నారు మిగతా సగం. ఈ రెండు మాటలతోనూ నాకు పేచీ ఉంది.

ముందు కష్టం సంగతి చూద్దాం. మన శ్రీకాకుళం వైపు వాళ్ళకు విదేశం కొత్తది కాదు. మన ముత్తాతల కాలంలోనే రంగం వెళ్ళి రేవుల్లో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పని చేశారు. మలయా రబ్బరు తోటల్లో పాలు తీశారు. ఇప్పుడు గల్ఫ్ వెళ్ళి ఎండలో ఇనుప చువ్వలు కడుతున్నారు. వీళ్ళలో ఒక్కరైనా భార్యాబిడ్డలను వెంటబెట్టుకొని నాలుగు రోజులు సరదాగా తిరిగి వచ్చారా? కష్టానికి ఫలితం విహారమే అయితే, మన ఊళ్ళలో సగం మంది ఈపాటికి ప్రపంచం చుట్టి రావాలి. మా నాన్న ఇరవై ఏళ్ళుగా తాపీ పనికి కూలిగా వెళ్తున్నారు. ఒక రోజు ఇంట్లో ఉంటే ఆయనకు అది సెలవు కాదు, ఒక రోజు కూలి పోవడం. "కష్టపడితే వెళ్ళొచ్చు" అనే మాట ఆయన ముందు అనగలమా?

అదృష్టమనే మాట ఇంకా సుఖమైనది. అది అనేస్తే ఇక ఏ ప్రశ్నా అడగనక్కరలేదు. నేను మాత్రం సీనియర్‌కు ఫోన్ చేసి అడిగాను, అసలు ఎలా వెళ్ళగలిగారని. ఆయన బ్యాంకులో గుమస్తా. రెండేళ్ళు చిట్టీ కట్టారు. భారతీయులు 30 రోజుల వరకు వీసా లేకుండా రావచ్చని 2023 డిసెంబరులో మలేషియా అనుమతించడంతో ఆ ఖర్చు, ఆ తిరుగుడు తప్పాయి. అన్నిటికన్నా ముఖ్యం, జీతం కోత లేకుండా వారం రోజుల సెలవు దొరికింది. ఇందులో అదృష్టమని పిలవదగినది ఏది? సెలవా? అది నుదుటి మీద రాసినది కాదు, చట్టంలో రాసినది.

ఈ చట్టం కథ మన హాస్టల్ విద్యార్థులు తప్పక తెలుసుకోవాలి. బాబాసాహెబ్ అంబేద్కర్ అంటే రాజ్యాంగం గుర్తొస్తుంది. కానీ ఆయన 1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూశారు. ఫ్యాక్టరీల చట్టానికి 1945లో వచ్చిన సవరణతో, ఏడాది పొడవునా నడిచే కర్మాగారాల్లో 12 నెలలు పని చేసిన కార్మికుడికి జీతంతో కూడిన 10 రోజుల సెలవు హక్కుగా మారింది. ఆ బిల్లును సభలో ప్రవేశపెట్టింది ఆయనే. తర్వాత 1948 చట్టంలో దాన్ని ప్రతి 20 రోజుల పనికి ఒక రోజు సెలవుగా పెట్టారు. ఫ్రాన్సులోనూ అంతే. 1936లో లక్షలాది కార్మికులు సమ్మె చేశాక రెండు వారాల జీతపు సెలవు వచ్చింది, రైలు టికెట్ల మీద రాయితీ వచ్చింది. ఆ వేసవిలో ఎన్నో కుటుంబాలు మొదటిసారి సముద్రం చూశాయి. వాళ్ళంతా ఒకే ఏడాది అదృష్టవంతులైపోయారా? పొలంలో కూలికి, అడ్డా మీద నిలబడే మనిషికి మాత్రం అలాంటి సెలవు ఇక్కడ దక్కలేదు. నా పేచీ అక్కడే ఉంది.

అయితే అదృష్టం అసలే లేదని నేననను. సీనియర్ చెప్పిన ఒక సంగతి వినండి. కౌలాలంపూర్ దగ్గర బటు గుహలకు వెళ్ళారట. మెట్లు 272. అమ్మకు మోకాళ్ళ నొప్పి, ఎక్కలేనని కిందనే కూర్చున్నారు. నాన్నగారు ఆమెకు తోడుండి, పక్కన కూర్చున్న ఒక ముసలాయనతో ఏమీ తోచక తెలుగులోనే మాట కలిపారు. ఆయన తెలుగులోనే జవాబిచ్చారు! వాళ్ళ తాత రబ్బరు తోటలో పనికి వచ్చిన మనిషి. ఏ ఊరని అడిగితే ఊరు తెలియదు, "విశాఖపట్నం జిల్లా" అన్నారట. శ్రీకాకుళం వేరే జిల్లా అయింది 1950లో. తాత అంతకు ముందే వెళ్ళారు గనుక ఆ ఇంట్లో పాత జిల్లా పేరే నిలిచిపోయింది. పెద్ద పెద్ద భవనాలు చూసినా రాని ఆనందం అమ్మానాన్నలకు ఆ గంటలో కలిగిందట. ఆ పక్కన ఆయన కూర్చొని ఉండటం అదృష్టమే, కాదనను. కానీ ఆ గంట దొరకడానికి ముందు ఒక చిట్టీ, ఒక సెలవు కాగితం, మూడు పాస్‌పోర్టులు ఉన్నాయి.

పాస్‌పోర్టు అన్నాను గనుక తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక మాట. పదో తరగతి పాసైనట్టు సర్టిఫికెట్ చూపితే 'ఈసీఆర్' ముద్ర లేని పాస్‌పోర్టు వస్తుంది. అది లేనివాళ్ళలో చాలామందికి ఆ ముద్ర పడుతుంది. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద, అలాంటివాళ్ళు గల్ఫ్ దేశాలు సహా 18 దేశాలకు పనికి వెళ్ళాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలని పెట్టారు. మోసపోకుండా కాపాడటానికే ఈ నియమం. అయినా ఒకే ఊరి ఇద్దరి మధ్య పదో తరగతి గీత గీస్తుందన్నది నిజం. పరీక్ష ముందు రాత్రి స్టడీ అవర్‌లో నిద్రపోయేవాళ్ళను లేపడానికి ఇంతకన్నా మంచి కబురు నా దగ్గర లేదు.

సీనియర్లకు నా మనవి వేరు. ఫోటోలు పెట్టండి, మాకూ సంతోషమే. వాటితో పాటు లెక్క కూడా పెట్టండి. చిట్టీ ఎంత కట్టారు, సెలవుకు దరఖాస్తు ఎన్నాళ్ళ ముందు ఇచ్చారు, మీ అమ్మగారి పేరు ఆధార్‌లో ఒకలా రేషన్ కార్డులో ఇంకోలా ఉంటే ఎక్కడ సరిచేయించారు? చదువుకోని మన తల్లిదండ్రుల్లో చాలామందికి కాగితాల మీద పుట్టినరోజు జనవరి 1వ తేదీయే కదా. దానితో పని జరిగిందా, ఇంకేమైనా అడిగారా? అవన్నీ ఒక కాగితం మీద రాసి హాస్టల్ నోటీసు బోర్డుకు పంపండి.